తప్పు నాదా, జబ్బుదా? ప్రాడర్-విల్లీ ఉన్న పాప గురించి అడిగిన అమ్మకు జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను అమ్మా. చదివే మిగతావాళ్ల కోసం ముందు దాన్ని క్లుప్తంగా చెప్తాను. మీ పాపకు ఎనిమిదేళ్లు. అయిదో ఏట జన్యు పరీక్షలో ప్రాడర్-విల్లీ సిండ్రోమ్ అని, అంటే కడుపు నిండినా ఆకలి తీరని జన్యు జబ్బు అని తేలింది. అర్ధరాత్రి లేచి ఫ్రిజ్ తీస్తుంది. అన్నం పది నిమిషాలు ఆలస్యమైతే నేల మీద పడి గంటసేపు ఏడుస్తుంది. ఎడమ చేతి మీది పుండును మాననివ్వకుండా గిల్లుకుంటుంది. అత్తయ్యగారు "నీ గారాబమే దీన్ని ఇలా తయారుచేసింది" అంటున్నారు. మీవారు "జీన్స్‌లోనే ఉంది, ఎవరేం చేసినా మారదు" అంటున్నారు. ఇద్దరి మధ్యా నలిగిపోయి మీరు "తప్పు నాదా, జబ్బుదా, ఒక్క మాటలో చెప్పండి" అని అడిగారు.

ఆకలి జబ్బుది, తప్పు మీది కాదు. ఆ ఆకలి ఇంట్లో ఎంత గొడవగా మారుతుందన్నది మాత్రం చాలావరకు ఇంట్లోవాళ్ల చేతిలో ఉంది. ఇక వివరంగా చెప్తాను.

నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. ఇరవై రెండేళ్లుగా ఇలాంటి పిల్లలతోనే పని. కొత్త కుటుంబం ఎవరొచ్చినా అమ్మను, నాన్నను, నానమ్మ ఉంటే నానమ్మను విడివిడిగా కూర్చోబెట్టి ఒకటే అడుగుతాను: "పాప ఇలా ఎందుకు చేస్తోందని మీ ఉద్దేశం?" ఒకే ఇంట్లో మూడు జవాబులు వస్తాయి. ఒకరు మొండితనం అంటారు, ఒకరు జబ్బు అంటారు, ఒకరు మా ఖర్మ అంటారు. వాళ్ల జవాబు తెలిస్తే పాప ఏడ్చినప్పుడు ఆ మనిషి ఏం చేస్తారో నాకు ముందే తెలిసిపోతుంది. మొండితనం అనుకున్నవాళ్ల చెయ్యి లేస్తుంది. జబ్బు, ఏం చేయలేం అనుకున్నవాళ్లు గదిలోంచి వెళ్లిపోతారు. ఖర్మ అనుకున్నవాళ్లు పాప అడిగింది చేతిలో పెట్టి తామూ ఏడుస్తారు. ఒకే పాపకు ఒకే రోజులో ఈ మూడూ ఎదురైతే, రేపు ఏడిస్తే ఏం జరుగుతుందో దానికెలా తెలుస్తుంది?

ముందు మీ మనసులో ఉన్న నేరభావం గురించి. పదిహేనో నంబరు క్రోమోజోమ్ మనకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. అందులో ఒక చిన్న ముక్కలోని కొన్ని జన్యువులు తండ్రి నుంచి వచ్చిన కాపీలోనే పనిచేస్తాయి. తండ్రి కాపీలో ఆ ముక్క రాలిపోయినా, లేదా రెండు కాపీలూ తల్లి వైపు నుంచే వచ్చేసినా ఈ సిండ్రోమ్ వస్తుంది. 1956లో స్విట్జర్లాండ్‌లో ప్రాడర్, లాబ్‌హార్ట్, విల్లీ అనే డాక్టర్లు దీన్ని మొదట వివరించారు. ఎక్కువ మందిలో ఇది అనుకోకుండా జరిగే మార్పు. మీరు కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నారు, ఏ గ్రహణం చూశారు అన్నదానికీ దీనికీ సంబంధం లేదు. మీది మేనరికం అని రాశారు. మేనరికంలో ఎక్కువయ్యే జన్యు జబ్బులు ఉన్నాయి, నిజమే. సాన్‌ఫిలిప్పో అలాంటిదే. అందులోనూ పిల్లలు నిద్రపోరు, ఒకచోట కుదురుగా ఉండరు. ప్రాడర్-విల్లీ మాత్రం మేనరికం వల్ల వచ్చేది కాదు. ఇది మీ అత్తయ్యగారికి, మీ అమ్మగారికి కూడా చెప్పండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: కొద్ది మందిలో మళ్లీ వచ్చే అవకాశమున్న రకం కూడా ఉంటుంది. కాబట్టి ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే పాప రిపోర్టు పట్టుకుని జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లాకే నిర్ణయించుకోండి.

ఈ జబ్బులో తల్లుల మనసును అన్నిటికన్నా ఎక్కువ నలిపేది ఒకటుంది. పుట్టినప్పుడు ఈ పిల్లలు గుడ్డబొమ్మలా మెత్తగా ఉంటారు. గట్టిగా ఏడవలేరు, రొమ్ము పట్టలేరు. మీరూ రాశారుగా, ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క పోస్తూ ఒక్కో పూటకు గంటన్నర కూర్చున్నానని. రెండు మూడేళ్లు దాటాక పాప తానే అడిగి తినడం మొదలుపెడితే ఇల్లంతా సంబరం. "నా బంగారం తింటోంది" అని దిష్టి తీస్తారు. అదే తల్లి మరో మూడేళ్లకు వంటింటికి తాళం వేయాల్సి వస్తుంది. ఏ తల్లికైనా చెయ్యి రాదు. అత్తయ్యగారికి "గారాబం"లా కనబడుతున్నది నిజానికి ఆ మొదటి రెండేళ్ల భయం. దాన్ని మీరు తప్పుగా లెక్కేసుకోకండి.

ఇప్పుడు ఆకలి సంగతి. మెదడులో హైపోథలమస్ అనే చోటు "ఇక చాలు" అని చెప్పాలి. మీ పాపకు ఆ మాట సరిగా అందదు. కడుపు నిండినా నిండినట్టు తెలియదు. మన పిల్లలు ఏకాదశి ఉపవాసం రోజు సాయంత్రం ఎలా ఉంటారో, ఆ పాప భోజనం చేసి లేచిన అరగంటకు అలా ఉంటుంది. ఇది జిహ్వచాపల్యం కాదు, దొంగబుద్ధీ కాదు. దెబ్బలు కొట్టి ఈ ఆకలిని తగ్గించిన ఇల్లు నేనింతవరకు చూడలేదు. కొట్టిన ఇళ్లలో పిల్లలు దాచుకోవడం నేర్చుకున్నారు, అంతే.

అత్తయ్యగారి మాటలో ఒక నిజం ఉంది, దాన్ని వదలకండి. పాపకు తిండి విషయంలో "ఒకవేళ దొరుకుతుందేమో" అన్న ఆశ ఉన్నంతకాలం ఏడుపు ఆగదు. పదిసార్లు అడిగితే తొమ్మిదిసార్లు వద్దని పదోసారి ఒక జంతిక పెట్టారనుకోండి, మనకది తొమ్మిదిసార్లు గట్టిగా ఉన్నట్టు. పాపకు అది పదిసార్లు ఏడవాలని నేర్పినట్టు. ఆ పదో జంతిక పెట్టేది తరచుగా గారాబం గురించి మాట్లాడే పెద్దవాళ్లే. ఇది నింద కాదు. మనవరాలు "ఆకలి నానమ్మా" అంటే ఏ నానమ్మ ఊరుకోగలదు?

ఒక ఇంటి సంగతి చెప్తాను. పాపకు తొమ్మిదేళ్లు, ఇదే సిండ్రోమ్. పక్కగదిలో టీవీ మోగుతున్నా స్టీలు డబ్బా మూత తీసిన చప్పుడు దానికి వినబడేది. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా వంటింటి గుమ్మంలోనే నిలబడేది. హోంవర్క్ లేదు, ఆట లేదు. తాళం వేయమని నేనంటే అమ్మ నెలరోజులు ఒప్పుకోలేదు. "కన్నకూతురికి తాళమేంటి మేడమ్, జైలా?" అంది. చివరికి వేసింది. తాళంచెవి నల్లపూసలతో పాటు మెడలో వేసుకుంది. మొదటి వారం నరకం. మూడో వారంలో నేను వాళ్లింటికి వెళ్లాను. నాలుగైంది. పాప వచ్చింది, తాళాన్ని చేత్తో పట్టుకుని ఒకసారి లాగి చూసింది, "వేసే ఉంది" అని తనకు తానే చెప్పుకుని వెళ్లి రంగు పెన్సిళ్ల దగ్గర కూర్చుంది. అమ్మ నా వైపు చూసి ఏడ్చేసింది. మనం తాళమంటే శిక్ష అనుకుంటాం. ఆ పాపకు మాత్రం రెండు గంటల కాపలా డ్యూటీ నుంచి సెలవు దొరికింది. తిండి దొరకదని ఖాయంగా తెలిస్తే దాని గురించి ఆలోచించడం ఆపగలుగుతుంది.

తాళంతో పాటు ఉండాల్సింది ఇంకొకటి: తిండి ఎప్పుడు, ఏమిటి, ఎంత అన్నది కూడా అంతే ఖాయంగా ఉండాలి. తాళం వేసి అన్నం ఆలస్యం చేస్తే అది అన్యాయమే అవుతుంది. రేపటి నాలుగు పూటల మెనూ ఇవాళ రాత్రే ఒక పలక మీద రాసి వంటింటి తలుపుకు తగిలించండి. చదవడం రాకపోతే బొమ్మలు గీయండి. ఈ పిల్లలకు అదే వయసు వేరే పిల్లలకన్నా తక్కువ కేలరీలే చాలు, కొలత మీ డైటీషియన్ చెప్తారు. పళ్లెం మాత్రం నిండుగా కనబడాలి: కీరదోస ముక్కలు, ఉడికించిన బీన్స్, సొరకాయ కూర, పల్చటి మజ్జిగ. అన్నం వడ్డించాక "ఇంకొంచెం" అన్న మాటకు తావులేకుండా గిన్నె వంటింట్లోకి వెళ్లిపోవాలి. ఇంట్లో మిగతావాళ్లు కూడా పాప ముందు వేళకాని వేళలో తినకూడదు. ఇది మీవారికి కష్టం, నాకు తెలుసు. రాత్రి పదికి టీవీ ముందు మిక్చర్ అలవాటు ఉన్న నాన్నలు చాలామంది. ఆ మిక్చర్ ప్యాకెట్ చప్పుడు పాప నిద్రలోంచి వింటుంది.

నాలుగింటి చిరుతిండి పని అత్తయ్యగారికి అప్పగించండి. కొలిచిన కప్పుతో మరమరాలు, గడియారంలో నాలుగు కొట్టగానే ఆవిడ చేతుల మీదుగా. మనవరాలికి పెట్టలేదన్న బాధ ఆవిడకు ఉండదు, చాటుగా పెట్టాల్సిన అవసరమూ రాదు. నేను చెప్పిన ఇళ్లలో బాగా పనిచేసిన ఉపాయాల్లో ఇదొకటి.

ఇక చేయకూడనివి. అల్లరి చేసిందని భోజనం మానిపించడం ఎప్పుడూ వద్దు. బాగా చదివితే చాక్లెట్ అనడం కూడా వద్దు, తిండిని బహుమతిగానూ శిక్షగానూ వాడకండి. స్టిక్కరు, మీతో పది నిమిషాల ఆట, నాన్నతో బండి మీద ఒక చుట్టు, ఇవి చాలు. ఫ్రిజ్‌లోంచి ఏదైనా తీసి తినేస్తే "తిన్నావా లేదా, నిజం చెప్పు" అని నిలదీయకండి. తిండి విషయంలో అబద్ధం ఆడకుండా ఉండటం ఆ వయసులో దాని శక్తికి మించిన పని. ఆ పూట తాళం మర్చిపోయింది పెద్దవాళ్లు, అంతవరకే. స్కూల్లో టీచర్‌తో మాట్లాడి పిల్లల టిఫిన్ బాక్సులు, బ్యాగులు తరగతి బయట పెట్టించండి. పుట్టినరోజు చాక్లెట్లు పాప చేతికివ్వకుండా మీకు అందేలా చూడండి. పెళ్లికో, గుడికో వెళ్లేముందు ఇంట్లోనే చెప్పండి: "ప్రసాదం ఒక చెంచా. భోజనంలో పులిహోర ఒక గరిటె, లడ్డూ సగం." అక్కడ బంధువులు బతిమాలినా ఆ లెక్క మారకూడదు. "పండగపూట పిల్లను ఏడిపిస్తావా" అనే పెద్దమ్మ ఒకరు ప్రతి పెళ్లిలోనూ ఉంటారు. ఆవిడకు మీవారు జవాబు చెప్పాలి, మీరు కాదు.

మీవారి మాటకు వస్తాను. "జీన్స్‌లో ఉంది" అనడం తప్పు కాదు. కొన్ని జన్యు జబ్బులతో పాటు కొన్ని ప్రవర్తనలు కూడా వస్తాయని విలియం నైహన్ అనే డాక్టరు 1972లోనే చెప్పారు. ఆయన 1964లో తన విద్యార్థి మైకేల్ లెష్‌తో కలిసి వివరించిన జబ్బు దీనికి గట్టి సాక్ష్యం. లెష్-నైహన్ ఉన్న మగపిల్లలు తమ పెదాలను, వేళ్లను తామే కొరుక్కుంటారు. నొప్పి తెలియక కాదు, నొప్పితో అరుస్తూనే కొరుక్కుంటారు. చేతులకు మెత్తటి గుడ్డ చుట్టి కట్టమని వాళ్లే అడుగుతారు. కట్టాక నవ్వుతారు, విప్పబోతే భయంతో వణికిపోతారు. అలాంటి బాబు ఉన్న తల్లిని చుట్టుపక్కలవాళ్లు "కొడుకు చేతులు కట్టేసే రాక్షసి" అనడం నా చెవులతో విన్నాను. ఆ బాబు మనసు ఆ వీధిలో అర్థమైంది ఆవిడ ఒక్కదానికే.

అయితే "జీన్స్‌లో ఉంది" తర్వాత "కాబట్టి ఏం చేయలేం" అని మీవారు అంటున్నారే, ఆ రెండో ముక్క ఒప్పుకోను. పాప జన్యువులు ఉదయం ఎనిమిదికీ సాయంత్రం అయిదుకీ ఒకటే. మరి ఎనిమిదికి బాగున్న పాప అయిదుకు ఎందుకు నేల మీద పడుతోంది? ఆ తేడాలోనే మనం పనిచేసేది. ప్రాడర్-విల్లీ పిల్లల కోపం ఒక్క తిండితోనే రాదు. అనుకున్నది మారితే వస్తుంది. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ ఆలివర్, ఆయనతో పనిచేసినవాళ్లు దీన్ని వివరంగా పరిశీలించారు. ఒక పని మీదున్న ధ్యాసను ఇంకో పని మీదికి మళ్లించడం ఈ పిల్లల మెదడుకు కష్టమనీ, అందుకే అనుకోని మార్పు వచ్చినప్పుడు విరుచుకుపడతారనీ వాళ్లు చూపించారు. మనకు "ఈరోజు ఆటో రాదు, నాన్న బండి మీద తీసుకెళ్తారు" అన్నది చిన్న మాట. పాపకు కాళ్ల కింద నేల కదిలినట్టు.

కాబట్టి మారేదేదో ముందే చెప్పండి. అన్నీ చెప్పలేం, నిజమే. అందుకే ఒక గుర్తు పెట్టుకోండి. నా దగ్గర పసుపు రంగు కార్డు ఒకటి ఉంటుంది. అది చూపిస్తే "ఇప్పుడు ఒకటి మారబోతోంది" అని అర్థం. మొదట చిన్న చిన్న, పాపకు ఇష్టమైన మార్పులకు చూపించి అలవాటు చేయండి. తర్వాతే కష్టమైనవాటికి. పది నిమిషాల్లో వస్తాను అని చెప్పి అరగంటకు రాకండి. ఎప్పుడొస్తారో తెలియకపోతే టైము చెప్పకండి. ఒకే ప్రశ్న ఇరవైసార్లు అడుగుతుంది. ఒకసారి నోటితో చెప్పండి, తర్వాత పలక మీద రాసింది చూపించండి. "ఎన్నిసార్లు అడుగుతావే" అన్నామో, అదే ఇంకో గొడవకు మొదలు.

గొడవ మొదలైపోయాక నీతులు పనికిరావు. తక్కువ మాటలు, చదునైన గొంతు, దగ్గర్లో గట్టి వస్తువులు లేకుండా చూడటం, ఆగడం. తగ్గాక నీళ్లు తాగించి పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ సమయంలో చాలామంది పిల్లలు సిగ్గుతో, బాధతో "సారీ" అంటూ అతుక్కుపోతారు. అప్పుడు మళ్లీ ఆ సంగతి తవ్వకండి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏళ్లలో కోర్నేలియా డి లాంగే సిండ్రోమ్ అనే ఇంకో జన్యు జబ్బు ఉన్న ఆరేళ్ల బాబు నా దగ్గరికి వచ్చేవాడు. మాటలు లేవు. అరచేత్తో తన చెంప మీద, దవడ మీద ఆగకుండా కొట్టుకునేవాడు. పని తప్పించుకోవడానికి కొట్టుకుంటున్నాడని నా లెక్క, ఎందుకంటే పజిల్ ముందు పెట్టగానే మొదలయ్యేది. నాలుగు నెలలు దాని ప్రకారం ప్లాను నడిపాను. వాళ్లమ్మ ప్రతి శనివారం ఒకటే మాట: "వీడికి ఎక్కడో నొప్పిగా ఉందమ్మా. తిన్నాక ఎక్కువ కొట్టుకుంటున్నాడు, పడుకోబెడితే ఇంకా ఎక్కువ." ఆ మాటను నేను తల్లి మనసు కింద రాసుకుని పక్కన పెట్టాను. చివరికి వాళ్లు సొంతంగా కడుపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే తేలిందేమిటంటే, ఆమ్లం పైకి తన్ని ఆహారనాళం పుండుపడింది. మందు మొదలుపెట్టిన నెలలోపే కొట్టుకోవడం బాగా తగ్గింది. పజిల్ వేళ నేను పెట్టుకున్నది సరిగ్గా వాడి మధ్యాహ్న భోజనం అయిన అరగంటకు. ఆ సిండ్రోమ్‌లో ఈ ఆమ్లం బాధ చాలా మామూలు అని, తమను తాము కొట్టుకునే పిల్లల్లో ముందు దాన్నే వెతకాలని ఈ పిల్లల్ని చూసే డాక్టర్లకు ఇప్పుడు తెలుసు. ఆ అమ్మకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. అప్పటినుంచి తల్లిదండ్రులు "నొప్పి" అన్నారంటే నా పుస్తకంలో అది మొదటి లైను.

అందుకే మీ పాప విషయంలోనూ కొత్తగా ఏదైనా మారితే, ఉన్నట్టుండి గిల్లుకోవడమో కోపమో పెరిగితే, "సిండ్రోమ్ అంతే" అని ఏ డాక్టరు అన్నా అక్కడ ఆగకండి. పళ్లు, చెవులు, మలబద్ధకం, మూత్రంలో మంట, నిద్రలో గురక, ఊపిరి ఆగడం, ఇవన్నీ చూడమని అడగండి. ఇంకో ముఖ్యమైన సంగతి: ప్రాడర్-విల్లీ పిల్లలకు నొప్పి తక్కువ తెలుస్తుంది, వాంతులు అరుదు. ఎప్పుడూ తిండి అడిగే పాప ఒకరోజు తిండి వద్దన్నా, పొట్ట ఉబ్బినా, వాంతి చేసుకున్నా ఇంట్లో వాము నీళ్లతో సరిపెట్టకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, పాపకు ప్రాడర్-విల్లీ ఉందని అక్కడ మొదటి మాటగా చెప్పండి. కడుపు ప్రమాదకరంగా ఉబ్బిపోయే పరిస్థితి కావచ్చు. అన్నవరం ప్రసాదమో, పెళ్లి భోజనమో ఎక్కువగా తినేసిన మరునాడు ఇంకా జాగ్రత్త.

చేతి పుండు గురించి. "గిల్లకు" అన్న ప్రతిసారీ పాప ధ్యాస ఆ పుండు మీదికే వెళ్తుంది. గోళ్లు పొట్టిగా కత్తిరించండి, పుండుకు మందు రాసి కట్టు కట్టండి, టీవీ వేళ, కారు ప్రయాణం వేళ చేతులకు పని ఇవ్వండి: పూసలు గుచ్చడం, చపాతీ పిండి వద్దు గానీ ఆడుకునే క్లే, చిక్కుడు గింజలు వద్దు గానీ గుండీలు రంగులవారీగా వేరుచేయడం. చేతులు ఖాళీగా ఉన్నప్పుడే ఎక్కువ గిల్లుకుంటారు. చీము, ఎరుపు, జ్వరం ఉంటే డాక్టరు దగ్గరికి.

మిగతా సిండ్రోమ్‌లున్న పిల్లల తల్లిదండ్రులు కూడా ఇది చదువుతారు కాబట్టి నాలుగు మాటలు. పైన చెప్పిన పదిహేనో క్రోమోజోమ్‌లో అదే ముక్క తల్లి వైపు నుంచి పోతే ఏంజెల్‌మన్ సిండ్రోమ్ వస్తుంది. ఆ పిల్లలు ఎప్పుడూ నవ్వుతారు, మనుషులంటే ప్రాణం. జుట్టు పట్టి లాగుతారు, చొక్కా పట్టుకుని వేలాడతారు. "కొట్టి నవ్వుతున్నాడు, ఎంత పొగరు" అంటారు చూసినవాళ్లు. వాడికి కావాల్సింది మీ మొహం, మీ పలకరింపు. లాగకముందే పది నిమిషాలకోసారి మీరే వెళ్లి పలకరించండి. లాగినప్పుడు కెవ్వుమనకుండా, మాట లేకుండా చేయి విడిపించండి. స్మిత్-మెజెనిస్ ఉన్న పిల్లలకు నిద్ర తెప్పించే మెలటోనిన్ పగలు ఊరుతుంది. రాత్రి మూడింటికి లేచి ఇల్లు పీకి పందిరేసే పిల్లవాడు మధ్యాహ్నం బెంచీ మీద నిద్రపోతే బద్ధకం అనకండి, నిద్ర గురించి డాక్టర్‌తో మాట్లాడండి. ఫ్రాజైల్ ఎక్స్ ఉన్న బాబు పలకరిస్తే మొహం తిప్పేసుకుని చెయ్యి కొరుక్కుంటాడు. అది మర్యాద లేకపోవడం కాదు, ఎదుటివాళ్ల చూపు వాడికి తట్టుకోలేనంత. చుట్టాలొచ్చినప్పుడు "తాతయ్యకు నమస్తే పెట్టు" అని ముందుకు తోయకండి. డౌన్ సిండ్రోమ్ పాప నడిరోడ్డు మీద కూర్చుండిపోతే మొండితనం అనేముందు థైరాయిడ్, వినికిడి, నిద్ర పరీక్షలు అయ్యాయో లేదో చూడండి.

మాటలు రాని పిల్లలకైతే అన్నిటికన్నా ముందు అడగడం నేర్పాలి. కార్, డ్యురాండ్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో 1985లో చూపించింది ఇదే: కొట్టుకునే పిల్లవాడు దేనికోసం కొట్టుకుంటున్నాడో తెలుసుకుని, అదే అడిగే మార్గం ఇంకొకటి నేర్పితే కొట్టుకోవడం తగ్గుతుంది. "చాలు" అన్న బొమ్మ కార్డు, "సాయం" అన్న చేతి సైగ, అంత చిన్నవి.

మందుల గురించి అడిగారు. గ్రోత్ హార్మోన్ పొడవుకే కాదు, కండరాలకూ పనికొస్తుంది. దాని గురించి ఎండోక్రైనాలజిస్ట్‌తో, అంటే హార్మోన్ల డాక్టరుతో మాట్లాడండి. ఈ ఆకలి కోసమే డయజాక్సైడ్ కోలిన్ అనే మందుకు 2025 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది, నాలుగేళ్లు దాటినవాళ్లకు. మంచి వార్తే. అయినా దానికోసం తాళాన్ని వాయిదా వేయకండి. కోపం తగ్గడానికి రాసే కొన్ని మందులు బరువు పెంచుతాయి, రాసే డాక్టర్‌ను ఆ మాట తప్పకుండా అడగండి.

మీది ఖమ్మం దగ్గర అన్నారు. జిల్లా స్థాయిలో డీఈఐసీ అనే ప్రభుత్వ కేంద్రాల్లో ఎదుగుదల సమస్యలున్న పిల్లల్ని చూస్తారు. హైదరాబాద్ వస్తే నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉన్నాయి. ప్రవర్తన గురించి ఎన్ఐఈపీఐడీలో తల్లిదండ్రులకే నేర్పుతారు. వైకల్యాన్ని గుర్తించే ప్రభుత్వ కార్డు, యూడీఐడీ, తీసుకోండి. మేధో వైకల్యం సర్టిఫికెట్ వస్తే నేషనల్ ట్రస్ట్ నిరామయ బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులకు వీలుంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం గుర్తింపు ఉన్న స్కూలు వైకల్యం కారణంగా పాపను చేర్చుకోం అనకూడదు.

మీరు చివర్లో రాసిన వాక్యం నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు: "ఒక్కోసారి దాన్ని చూస్తే నాకే కోపం వస్తుంది, తర్వాత నామీద నాకే అసహ్యం." నా ముందు కూర్చున్న తల్లుల్లో ఈ మాట అననివాళ్లు తక్కువ. రెండేళ్లుగా వరసగా అయిదు గంటలు నిద్రపోని మనిషికి వచ్చే కోపం అది. వారంలో రెండు రాత్రులు పాప బాధ్యత మీవారిది కావాలి, మీరు వేరే గదిలో తలుపేసుకుని పడుకోవాలి. "ఏం చేసినా మారదు" అన్న మనిషికి చేయడానికి ఒక పని దొరికితే ఆ మాట తగ్గడం నేను చాలాసార్లు చూశాను. ఆదివారం పెద్దబాబును కూడా ఒక గంట బయటికి తీసుకెళ్లండి, వాడొక్కడినే. ఐస్‌క్రీమ్ తిన్నా చెల్లికి తెలియనవసరం లేదు.

ఈ వారం రెండే మొదలుపెట్టండి. ఒకటి తాళం, దాంతో పాటు పలక మీద మెనూ. రెండోది నోటుబుక్కు. గొడవ జరిగిన ప్రతిసారీ మూడు ముక్కలు రాయండి: అంతకు ముందు ఏం జరిగింది, పాప ఏం చేసింది, తర్వాత ఇంట్లోవాళ్లు ఏం చేశారు. టైము, ఆ రాత్రి నిద్ర, విరేచనం అయిందా లేదా కూడా. అత్తయ్యగారు చూసినవి అత్తయ్యగారు చెప్తే మీరు రాయండి, ఆవిడ మాటల్లోనే. తాళం వేసిన మొదటి పది రోజులు ఏడుపు ఇప్పటికన్నా పెరుగుతుంది, అరుపులు పక్కింటికి వినబడతాయి. ఆ పది రోజుల్లో ఒక్కసారి తెరిచినా మళ్లీ మొదటికొస్తుంది. అందుకే పక్కింటివాళ్లకు ముందే చెప్పండి, మీవారు ఆ పది రోజులూ సాయంత్రం ఇంట్లో ఉండేలా చూసుకోండి. పదిహేనో రోజున నోటుబుక్కు పేజీల ఫొటోలు పెట్టండి. నాలుగు నుంచి ఆరు గంటల మధ్య రాసినవి ముందు చూస్తాను.